పోస్టు డబ్బా మీద పేరు లేని కంపెనీ

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మాట్లాడమన్నారు కాబట్టి ముందు వరుసలో ఎవరికైనా కునుకు పడితే నేనేమీ అనుకోను, పులిహోర నేను కూడా రెండోసారి వడ్డించుకునే వచ్చాను. నాకిచ్చిన టాపిక్ ‘జర్మనీలో కంపెనీ రిజిస్టర్ చేయడం ఎలా’ అని. ఎలాగో చెప్పేవాళ్లు యూట్యూబులో చాలామందే ఉన్నారు, అందరూ ఆరు వారాలంటారు. నాకు ఐదు నెలలు పట్టింది. ఆ మిగతా సమయం ఎక్కడ పోయిందన్నదే ఇవాళ చెబుతాను, ఎందుకంటే అందులో సగం నా తొందరపాటే.

మా బాబాయి కొడుకు తెనాలిలో పొడుల యూనిట్ నడుపుతాడు, కారప్పొడి, నువ్వుల పొడి, కరివేపాకు పొడి, లైసెన్సులన్నీ పక్కాగా ఉన్నాయి. వాటిని ఇక్కడికి తెప్పించి అమ్ముదామని నేనూ నా రూమ్మేటూ, అంటే పెళ్లిళ్లు కాకముందు రూమ్మేటు, అనుకున్నాం. పొద్దున్న ఆఫీసు, సాయంత్రం పొడులు. ఇంతే ప్లాను.

మొదటి దెబ్బ నివాస అనుమతి కార్డు దగ్గరే తగిలింది. మీలో చాలామంది దగ్గర బ్లూ కార్డు, అంటే పెద్ద చదువుల ఉద్యోగాలకిచ్చే నివాస కార్డు, ఉంటుంది. ఇంటికెళ్లాక ఆ కార్డునూ, దాంతోపాటు ఇచ్చిన ఆకుపచ్చ కాగితం ఉంటే దాన్నీ బయటికి తీసి చదవండి. అక్కడ ‘బెషెఫ్టిగుంగ్’ అని ఉంటే మీకు ఉద్యోగం చేసుకునే అనుమతే ఉన్నట్టు. ‘ఎర్వెర్బ్స్‌టేటిష్‌కైట్’ అని ఉంటే ఉద్యోగమూ చేయొచ్చు, సొంత వ్యాపారమూ చేయొచ్చు. నేను నాలుగేళ్లు ఆ కార్డు జేబులో పెట్టుకుని తిరిగాను గానీ ఆ పదం ఏమిటని ఒక్కరోజు కూడా చూడలేదు. నాది మొదటి రకం. అంటే ఉద్యోగం వీసా ఉద్యోగం వీసాగానే ఉంటూ పక్కన వ్యాపారానికి విడిగా అనుమతి తెచ్చుకోవాలి, నివాస చట్టం 21వ సెక్షన్‌లో దానికి దారి ఉంది, విదేశీయుల ఆఫీసుకు దరఖాస్తు పెట్టాలి. పర్మనెంట్ రెసిడెన్స్ ఉన్నవాళ్లకు ఈ గొడవ లేదు. మా రూమ్మేటుకు అది ఉంది, వాడు నవ్వాడు. నాకు ఆ అనుమతికే ఏడు వారాలు. పైగా ఉద్యోగం ఇచ్చిన కంపెనీకి కూడా ముందే చెప్పాలి, కాంట్రాక్టులో సైడ్ పనుల గురించి ఒక పేరా ఉంటుంది, మనం సంతకం పెట్టేటప్పుడు జీతం అంకె మాత్రమే చూస్తాం కదా.

ఇక్కడొకటి చెప్పాలి, మీలో సగం మందికి అసలు కంపెనీ అక్కర్లేదు. నెలకు నాలుగైదు వందల యూరోల సైడ్ బిజినెస్ అయితే మీ పేరు మీదే వ్యాపారం పెట్టుకోండి. ‘గెవెర్బె‌ఆమ్ట్’ అని మున్సిపాలిటీలో వ్యాపారాల ఆఫీసు ఉంటుంది, ఒక ఫారం, కొద్దిపాటి ఫీజు, అయిపోయింది. అనువాదకులు, జర్నలిస్టులు, ఇంజినీర్లు లాంటి స్వతంత్ర వృత్తులవాళ్లకైతే, ‘ఫ్రైబెరూఫ్లర్’ అంటారు, ఆ ఫారం కూడా లేదు, తిన్నగా పన్నుల ఆఫీసుకే చెప్పుకుంటే చాలు. మేం కంపెనీ ఎందుకు పెట్టామంటే తినే సరుకు కాబట్టి. రేపు ఎవరి కడుపైనా చెడి కేసు వేస్తే నా ఇంటి మీదికి రాకూడదని. అదొక్కటే కారణం, విజిటింగ్ కార్డు మీద డైరెక్టర్ అని వేసుకోవడానికైతే వద్దు.

జీఎంబీహెచ్ అని ఇక్కడ ప్రతి బోర్డు మీదా చూస్తుంటారు, మన ప్రైవేట్ లిమిటెడ్ లాంటిది. ఆ చట్టం 1892 నాటిది. దానికి మూలధనం 25,000 యూరోలు, రిజిస్ట్రేషన్ నాటికి కనీసం 12,500 బ్యాంకులో కనపడాలి. మా దగ్గర అంత లేదు. దాని చిన్న తమ్ముడు ఒకడున్నాడు, యూజీ. వాడి పుట్టుక కథ నాకు భలే ఇష్టం. 2000 తర్వాత ఆ నాలుగైదేళ్లలో జర్మన్లే ఇక్కడి మూలధనం, నోటరీ గొడవ పడలేక ఇంగ్లండ్‌లో ఒక్క పౌండు పెట్టి ఇంగ్లిష్ లిమిటెడ్ కంపెనీ రిజిస్టర్ చేసుకుని దాంతో ఇక్కడ వ్యాపారం చేసుకునేవాళ్లు, యూరప్ కోర్టు కూడా అది చెల్లుతుందని తీర్పులిచ్చింది. మన జనం పారిపోతున్నారే అని ప్రభుత్వం 2008 నవంబరు 1 నుంచి యూజీని తెచ్చింది, ఒక్క యూరోతో కూడా పెట్టొచ్చు. కాబట్టి ఈ ఆఫీసుల చుట్టూ తిరగడం మనకే కష్టంగా ఉందని బాధపడకండి, వాళ్లకూ కష్టంగానే ఉంది.

ఒక్క యూరోతో పెట్టొచ్చు గానీ పెట్టకండి. నోటరీ బిల్లు రాగానే కంపెనీ అప్పుల్లో ఉంటుంది. మేం 5,000 పెట్టాం. యూజీలో మూలధనం మొత్తం రొక్కంగా ముందే కట్టాలి, నా పాత లాప్‌టాప్ ఇస్తాను రాసుకోండి అంటే కుదరదు. లాభం వస్తే అందులో ఏటా నాలుగో వంతు పక్కన పెట్టాలి, 25,000 పోగయి దాన్ని మూలధనంగా మార్చుకునేదాకా.

పత్రాలు రాయడానికి ప్రభుత్వమే ఒక నమూనా ఇచ్చింది, దాన్ని వాడితే నోటరీ ఖర్చు తగ్గుతుంది. ముగ్గురు దాకా వాటాదారులు ఉండొచ్చు, డైరెక్టరు మాత్రం ఒక్కరే. మేమిద్దరం డైరెక్టర్లం అవుదామనుకున్నాం, మా వాడు అప్పటికే వాళ్లావిడకు చెప్పేశాడు కూడా. ఇద్దరు డైరెక్టర్లు కావాలంటే విడిగా నిబంధనావళి రాయించుకోవాలి, ఖర్చు పెరుగుతుంది. వాడు మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

తర్వాత కంపెనీ ఏం చేస్తుందో ఒక వాక్యంలో రాయాలి. మన దగ్గర కంపెనీ పెట్టినవాళ్లకు తెలుసు, ఆ ఉద్దేశాల పేజీల్లో గుండుసూది నుంచి రియల్ ఎస్టేట్ దాకా అన్నీ రాసి పెడతారు, రేపు ఏం చేస్తామో ఎవరికి తెలుసని. నేనూ అలాగే ‘అన్ని రకాల సరుకుల దిగుమతి, అమ్మకం, తత్సంబంధ సేవలు’ అని రాసుకెళ్లాను. నోటరీ గారు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, ఏ సరుకులు అన్నారు. పొడులు అన్నాను. అయితే పొడులని రాయండి అన్నారు. అంతే. పేరు విషయంలో కూడా అంతే, ఊళ్లో అదే పేరుతో ఇంకో కంపెనీ ఉండకూడదు, జనాన్ని తప్పుదోవ పట్టించేలా ఉండకూడదు. ఈహాకా అని వాణిజ్య మండలి ఉంది, నోటరీ దగ్గరికి వెళ్లకముందే వాళ్లకు పేరు పంపి అడిగితే చూసి చెబుతారు. ఆ పని మాత్రం చేయండి, పేరు తర్వాత తిరిగొస్తే మళ్లీ నోటరీ, మళ్లీ బిల్లు.

ఇక నోటరీ. మనకు నోటరీ అంటే కోర్టు బయట చెట్టు కింద కుర్చీ, స్టాంపు, వంద రూపాయలు. ఇక్కడ నోటరీ అంటే పెద్ద హోదా. లా చదివి, రాష్ట్రం నియమిస్తే వచ్చే పదవి, ఏ పక్షానికీ చెందనివాడు, ఫీజు చట్టంలో రాసి ఉంటుంది, బేరం లేదు. ఆయన చేయాల్సిన ముఖ్యమైన పని ఏమిటంటే పత్రం మొత్తం మన ముందు పైకి చదవాలి. మీరు చదువుకున్నారా, సంతకం పెట్టండి అంటే చెల్లదు. ఆయన నోటితో చదవాలి, మన చెవితో వినాలి.

మాది మూడు పేజీలు కూడా లేదు, పావుగంటలో అయిపోతుందనుకున్నాం. లోపలికి వెళ్లగానే ఆయన మా రూమ్మేటును జర్మన్‌లో రెండు మాటలు అడిగారు, ఎక్కడ ఉంటారు, ఎలా వచ్చారు అని. మా వాడు ‘యా యా’ అన్నాడు. మళ్లీ అడిగారు, మళ్లీ ‘యా’ అన్నాడు. ఆయన ఫైలు మూసేశారు. భాష అర్థం కానివాళ్లకు అనువాదం చేసి వినిపించకుండా ఆ పత్రం పూర్తి చేయడానికి లేదట, దుబాసీని తీసుకుని రండి అన్నారు. ప్రమాణం చేసిన తెలుగు దుబాసీ ఎక్కడ దొరుకుతారండీ, చివరికి ఇంగ్లిష్ దుబాసీని మాట్లాడుకున్నాం, అపాయింట్‌మెంటు మళ్లీ రెండు వారాల తర్వాత.

రెండోసారి ఆయన చదవడం మొదలుపెట్టారు. సత్యనారాయణ వ్రతంలో పంతులుగారు కథ చదివే వేగం గుర్తుందా, అచ్చం అదే వేగం, అదే రాగం, ప్రతి వాక్యం చివర చిన్న ఆపు, ఆ ఆపులో దుబాసీ ఇంగ్లిష్‌లో చెప్పడం. నా పేరు వచ్చిన ప్రతిసారీ ‘ఫెంకటా’ అంటున్నారు, వి అక్షరాన్ని ఎఫ్ లాగా పలుకుతారు కదా. ఇంటిపేరు ఏది, సొంత పేరు ఏది అని పాస్‌పోర్టు రెండుసార్లు తిప్పి చూశారు. ఇది జోకు కాదండీ, మీ పాస్‌పోర్టులో ఒక క్రమం, నివాస కార్డులో ఒక క్రమం, బ్యాంకులో ఒక క్రమం ఉంటే ముందు అది సరిచేసుకోండి. తర్వాత నన్ను నిలబెట్టినంత పని చేసి, దివాలా నేరాల్లోగానీ మోసం కేసుల్లోగానీ శిక్ష పడలేదని ప్రకటించమన్నారు, డైరెక్టరుగా ఉండాలంటే అది చెప్పాలి. చివర్లో సంతకం. ఏకంగా గంటంపావు పట్టింది. అయితే ఒకటి ఒప్పుకోవాలి, నా జీవితంలో సంతకం పెట్టిన కాగితాల్లో పూర్తిగా ఏం రాసుందో తెలిసి పెట్టింది అదొక్కటే.

ఇదంతా ఆన్‌లైన్‌లో కుదరదా అని అడుగుతారు. కుదురుతుంది, 2022 ఆగస్టు 1 నుంచి వీడియో కాల్‌లో నోటరీతో కంపెనీ పెట్టొచ్చు, అక్కడా ఆయన చదవాల్సిందే. నివాస కార్డులో ఎలక్ట్రానిక్ గుర్తింపు పనిచేయాలి, దానికి ఆరంకెల పిన్ కావాలి. ఆ పిన్ ఉత్తరం నేను ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది.

సరే, నోటరీ సంతకం అయింది. ఇప్పుడు కంపెనీ ఉన్నట్టా లేనట్టా? ఉంది, లేదు. పేరు చివర ‘ఇన్ గ్రూండుంగ్’ అని తోక పెట్టుకోవాలి, స్థాపనలో ఉంది అని. బ్యాంకు ఖాతా తెరవాలంటే నోటరీ పత్రం కావాలి. ఇక్కడ కంపెనీల రిజిస్టరు స్థానిక కోర్టు దగ్గర ఉంటుంది, ఆ కోర్టులో నమోదు కావాలంటే బ్యాంకులో మూలధనం పడిన రుజువు కావాలి. ఖాతా తెరుచుకుంటే గానీ డబ్బు వేయలేం. కాబట్టి వరస మార్చడానికి లేదు, నోటరీ, బ్యాంకు, మళ్లీ నోటరీ, ఆయన ద్వారా కోర్టు.

నేను బ్యాంకులో దరఖాస్తు పెట్టాను. యాక్సెస్ వివరాలు పోస్టులో వస్తాయన్నారు. వారం అయింది, రాలేదు. రెండు వారాలు, రాలేదు. ఫోన్ చేస్తే పంపామండీ, తిరిగొచ్చిందండీ అన్నారు. ఎందుకు తిరిగొచ్చింది? ఆ చిరునామాలో ఆ కంపెనీ లేదట. ఎలా ఉండదు, నేను ఇక్కడే ఉన్నాను కదా! అప్పుడు కిందికి దిగి మా అపార్ట్‌మెంటు గుమ్మం దగ్గర పోస్టు డబ్బాల ముందు నిలబడ్డాను. ఇక్కడ ఫ్లాట్ నంబర్లు ఉండవు కదా, ఇరవై నాలుగు డబ్బాలు, ఒక్కోదాని మీద వేలెడంత పేరు చీటీ. నా డబ్బా మీద నా ఇంటిపేరు, మా ఆవిడ ఇంటిపేరు ఉన్నాయి. కంపెనీ పేరు లేదు. పోస్టుమ్యాన్ తప్పేం లేదు, పేరు లేని డబ్బాలో ఆయన వేయడు.

వెంటనే కాగితం ముక్క మీద రాసి సెల్లోటేప్ అంటించేశాను. మర్నాటికి అది పీకేసి ఉంది. బిల్డింగు నిర్వహణ వాళ్లు మెయిల్ పెట్టారు, చీటీలన్నీ ఒకే రకంగా ఉండాలి, చేత్తో రాసినవి కుదరవు, మేమే ప్రింటు చేసి ఇస్తాం, పైగా ఇంటి చిరునామాలో కంపెనీ పెడితే ఇంటి ఓనరు ఒప్పుకున్నట్టు కాగితం పంపండి అని. ఓనరు సెలవుల్లో ఉన్నాడు. ఆయన వచ్చి సంతకం పెట్టాక ఇంకో చిక్కు. యూజీ పేరు చివర ‘హాఫ్టుంగ్స్‌బెష్రెంక్ట్’ అని బ్రాకెట్లో పూర్తిగా రాయాలి, బాధ్యత పరిమితం అని అర్థం, చట్టప్రకారం దాన్ని కుదించకూడదు. అంత పొడుగు మాట ఆ వేలెడంత చీటీలో పట్టలేదు. నిర్వహణ ఆఫీసులో ఆవిడ చాలా మర్యాదగా అడిగింది, దీన్ని పొట్టిగా రాయొచ్చా అని. నేను లెటర్‌హెడ్ మీద అయితే కుదించకూడదండీ, పోస్టు డబ్బా సంగతి తెలీదు అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి అక్షరాల సైజు తగ్గించింది. ఇప్పటికీ అది చదవాలంటే డబ్బాకు ముక్కు ఆనించాలి. మూడు వారాలు ఆ చీటీకే పోయాయి.

ఆ మధ్యలోనే నేను ఇంకో ఘనకార్యం చేశాను, అది చెప్పడానికి కాస్త సిగ్గుగా ఉంది. కంపెనీ ఎలాగూ వచ్చేస్తోంది కదా అని పొడులకు డబ్బాలు, లేబుళ్లు ఆర్డర్ పెట్టేశాను, కంపెనీ పేరు మీద సంతకం చేసి. నమోదు కాకముందు కంపెనీ పేరుతో ఎవరు సంతకం చేస్తే వాళ్లు సొంతంగా బాధ్యులు, అదే 1892 చట్టం 11వ సెక్షన్. ఇల్లు కాపాడుకోవడానికి కంపెనీ పెట్టి, ఆ కంపెనీ పుట్టకముందే ఇల్లు తాకట్టు పెట్టినట్టయింది. ఏమీ కాలేదు, కానీ ఆ నెలంతా టెన్షనే. ఒక్క పైసా ఖర్చు కంపెనీ పేరు మీద పెట్టకుండా ఆ నంబరు వచ్చేదాకా ఆగండి.

ఆ నంబరు హాండెల్స్‌రెగిస్టర్ నంబరు, అంటే కంపెనీల రిజిస్టరు నంబరు, హెచ్ ఆర్ బి అని మొదలవుతుంది, స్థానిక కోర్టు ఇస్తుంది. వచ్చిన రోజు పాయసం చేసుకున్నాం. నాలుగు రోజుల తర్వాత డబ్బాలో రెండు బిల్లులు. సర్కారు గద్ద బొమ్మ లాంటి ముద్ర, నంబరు కరెక్టు, మూలధనం కరెక్టు, నమోదు రుసుము ఏడు వందల చిల్లర వెంటనే కట్టండి అని. నేను బ్యాంకు యాప్ తెరిచేశాను కూడా. మా ఆవిడ వెనకాల నిలబడి, డబ్బు ఏ దేశం ఖాతాకు వెళ్తోందో చూశారా అంది. చూస్తే జర్మనీ ఖాతానే కాదు. నమోదు వివరాలు అందరికీ కనపడేలా ప్రచురిస్తారు కదా, అవి చూసి పంపే దొంగ బిల్లులవి. అసలు బిల్లు కోర్టు ఖజానా నుంచి వస్తుంది, దొంగ బిల్లంత అందంగా ఉండదు.

వ్యాపారాల ఆఫీసులో పని ఇరవై నిమిషాలు, దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఆ ఆఫీసే పన్నుల వాళ్లకూ, వాణిజ్య మండలికీ సమాచారం పంపిస్తుంది, మండలి సభ్యత్వం ఇష్టం ఉన్నా లేకపోయినా తప్పదు. పన్నుల ఆఫీసు ప్రశ్నావళి మాత్రం ఎల్‌స్టర్ అనే వెబ్‌సైటులో మనమే నింపాలి, నెలలోపు. కంపెనీకి ఎల్‌స్టర్ ఖాతా తెరవాలంటే సగం కోడు మెయిల్‌లో వస్తుంది, మిగతా సగం ఎందులో వస్తుందో మీరే చెప్పండి. (సభలోంచి: ‘పోస్టులో!’) అదీ. అందులో మొదటి ఏడాది లాభం ఎంత రావచ్చని అడుగుతారు. బావగారి ముందు గొప్పలు చెప్పినట్టు అక్కడ రాయకండి, ఆ అంకె చూసి మూడు నెలలకోసారి ముందస్తు పన్ను కట్టమంటారు. కంపెనీ పన్ను 15 శాతం, దాని మీద సంఘీభావ సుంకం, ఇవి కాక ఊరి వ్యాపార పన్ను, ఇది ఊరిని బట్టి మారుతుంది, మ్యూనిక్‌లో ఎక్కువ, బెర్లిన్‌లో తక్కువ. ఇవన్నీ మంచి అకౌంటెంటుకు వదిలేయండి, నేను వదిలేశాను.

పొడులు కాబట్టి మాకు ఇంకొన్ని తగిలాయి. దిగుమతికి కస్టమ్స్ వాళ్ల ఎయోరి నంబరు. ఆహార తనిఖీ ఆఫీసులో నమోదు. లేబులు జర్మన్‌లో, నువ్వులు, ఆవాలు అలర్జీ జాబితాలో ఉన్నాయి కాబట్టి అవి ఉంటే ముద్దక్షరాల్లో. తర్వాత ప్యాకెట్ల సంగతి, కస్టమరు పారేసే ప్లాస్టిక్ కవరుకు కూడా మనదే పూచీ, లూసిడ్ అనే రిజిస్టర్‌లో మొదటి ప్యాకెట్ అమ్మకముందే పేరుండాలి, లేకపోతే జరిమానా లక్ష యూరోల దాకా వేయొచ్చు. ఇంట్లో పచ్చళ్లు పెట్టి వాట్సాప్ గ్రూపుల్లో అమ్ముతున్నవాళ్లు ఈ గదిలో కనీసం నలుగురున్నారు, నేనెవరి వంకా చూడటం లేదు.

ఎవరో చెయ్యెత్తారు, చెప్పండి... తెలిసినవాళ్లు ఉంటే పని తొందరగా అవుతుందా అని అడుగుతున్నారు. మా నాన్న కూడా ఫోన్‌లో అదే అడిగారు, ఆ ఆఫీసులో మనవాళ్లెవరూ లేరట్రా అని. లేరండీ. ఉన్నా కుదరదు. నేను మొదట్లో దీన్ని తిట్టుకున్నాను. మన దగ్గర 2020 నుంచి స్పైస్ ప్లస్ ఫారం ఒక్కటే నింపితే పేరు, నమోదు, పాన్, టాన్ అన్నీ కలిసి వచ్చేస్తాయి, హైదరాబాద్‌లో మా కజిన్‌కు రెండు వారాల్లో చేతికొచ్చింది, నేనిక్కడ చీటీ కోసం ఓనరు సెలవులు లెక్కపెడుతున్నాను. కానీ ఐదు నెలల్లో నన్ను ఎవరూ రేపు రండి అనలేదు. ఏ కాగితం తక్కువైందో చెప్పారు, అది తెచ్చాను, తీసుకున్నారు. నేను వరస తప్పిన ప్రతిచోటా ఆగింది, వరస తప్పని చోట ఆగలేదు.

ఇంకో ప్రశ్న, ఆ డబ్బాలోకి ఈమధ్య వచ్చిన ఉత్తరం ఏమిటని. బ్యాంకుదే అనుకుంటారు కదా? కాదు, రేడియో, టీవీ చందా వాళ్లది. మీ కంపెనీలో ఎంతమంది ఉద్యోగులు, ఎన్ని కార్లు చెప్పండి అని. ఉద్యోగులు లేరు, కారు లేదు, టీవీ కూడా లేదు, కంపెనీ మొత్తం మా వంటింటి బల్ల మీద ఉంది. ఇంటికి మనం ఇప్పటికే చందా కడుతుంటే, అదే ఇంట్లో ఉన్న కంపెనీకి మళ్లీ కట్టక్కర్లేదు, కానీ ఆ మాట వాళ్లకు చెప్పాలి. జవాబు రాసి పెట్టుకున్నాను, గడువు ఎల్లుండి దాకా ఉంది, ప్రింటర్‌లో ఇంకు అయిపోయింది. ఈ చుట్టుపక్కల ఇల్లున్నవాళ్లు ఎవరైనా ఉంటే వెళ్లేముందు ఒక్కసారి కనపడండి.